మనుష్యఋణం: విజయనగరం కళాకారులు లేవనెత్తే ఒక ధర్మసందేహం

దేవుడి కథను ఆడి పాడి, జనాన్ని నవ్వించి, కంటతడి పెట్టించి, చివరకు శాలువా, సంభావన అందుకుని వెళ్ళే కళాకారుడు చేసిన పనిని పూజగా లెక్కించాలా, వినోదంగా లెక్కించాలా అన్న సందేహం భారతీయ ధర్మచింతనలో చాలా పాతది. తూర్పు తీరంలో సముద్రానికి కొద్ది మైళ్ళ దూరంలో ఉన్న విజయనగరమూ, దానికి ఈశాన్యంగా ఉన్న శ్రీకాకుళం సీమా గత నూట యాభై ఏళ్ళలో కన్న, పెంచిన హరిదాసులు, ఫిడేలు విద్వాంసులు, నటులు, సినిమా గాయకులు, జముకుల కథకులు ఈ సందేహాన్ని గ్రంథాలలోంచి వీధిలోకి తెచ్చారు. విజయదశమి తరువాతి మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవంలో పూజారి కూర్చున్న పొడవాటి మాను వీధుల్లో కదులుతుంటే, ఆ మానుకు మొక్కేవారూ, పులివేషాలు చూసి కేరింతలు కొట్టేవారూ ఒకే మనుషులై ఉంటారు. ఎక్కడ మొక్కు ఆగి ఎక్కడ వేడుక మొదలయిందో ఆ జనంలో ఎవరూ చెప్పలేరు.

శాస్త్రకారులు మాత్రం ఈ గీతను గీయడానికి చాలా ప్రయత్నించారు, గీసిన ప్రతిసారీ తమలో తామే విభేదించారు. భరతముని నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో దేవతలు బ్రహ్మ దగ్గరకు వెళ్ళి, కంటికీ చెవికీ ఇంపైన ఒక క్రీడనీయకం, అంటే ఆడుకోవడానికి తగిన వస్తువు, కావాలని అడుగుతారు; వేదం వినే అధికారం లేనివారితో సహా అందరికీ అందే విధంగా బ్రహ్మ నాలుగు వేదాల నుంచి పాఠ్యాన్ని, గానాన్ని, అభినయాన్ని, రసాలను తీసుకుని నాట్యమనే ఐదవ వేదాన్ని సృష్టిస్తాడు. అదే గ్రంథం చివరికి వచ్చేసరికి భరతుని కుమారులు మునులను అపహాస్యం చేసే ప్రదర్శన ఇచ్చి, ఆ మునుల శాపం వల్ల తమ గౌరవాన్ని పోగొట్టుకుంటారు. వీణావాదన తత్త్వమూ, శ్రుతులూ, తాళమూ తెలిసినవాడు ప్రయాస లేకుండా మోక్షమార్గాన్ని చేరతాడని యాజ్ఞవల్క్యస్మృతి అంటే, శైలూషుడి, అంటే నటుడి, ఇంటి అన్నం తినదగదని మనుస్మృతి నాలుగవ అధ్యాయం శాసించింది. పాశ్చాత్యులకూ ఈ తికమక తప్పలేదు. దేవుని కీర్తన వింటున్నప్పుడు అందులోని విషయం కంటే పాటే తన మనస్సును ఎక్కువగా కదిలిస్తే తాను పాపం చేసినట్టేనని సెయింట్ అగస్టీన్ తన ఆత్మకథలో బాధపడ్డాడు. 1673లో మరణించిన ఫ్రెంచి నాటకకర్త, నటుడు మోలియేర్‌కు చర్చి అంత్యక్రియలు నిరాకరిస్తే, రాజు జోక్యం చేసుకున్న తరువాత గాని, అదీ రాత్రివేళ గాని, ఖననం జరగలేదు.

ఈ రెండు వైపులనూ ఒకే దేహంలో మోసిన మనిషి ఆదిభట్ల నారాయణదాసు (1864–1945). బొబ్బిలి ప్రాంతంలోని అజ్జాడ గ్రామంలో పుట్టిన ఈయన విద్యార్థిగా ఉన్నప్పుడు, 1883లో, మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడి హరికథ విని, ఆ ఊపులోనే ధ్రువచరిత్రను కూర్చి చెప్పారు. హరికథ అంటే ఒకే వ్యక్తి కాళ్ళకు గజ్జెలు కట్టి, చేత చిరతలు పట్టి, గానం, నృత్యం, అభినయం, కవిత్వం, వ్యాఖ్యానం అన్నిటినీ తానే నిర్వహిస్తూ పురాణకథను గంటల తరబడి నడిపే ప్రక్రియ. ఇందులో అసలు కథ మధ్య వచ్చే పిట్టకథలూ, లోకం మీద విసుర్లూ లేకపోతే జనం కూర్చోరు. జనం కూర్చోకపోతే హరి కథ చెప్పడానికి అవకాశమే ఉండదు. కనుక నవ్వు ఇక్కడ భక్తికి అద్దిన తీపి పూతలా బయట ఉండేది అనుకోవడం పొరపాటు. ధ్రువుడిని తండ్రి ఒడిలోంచి దింపేసిన సవతి తల్లి మాటలను దాసుగారు అభినయించి చూపినప్పుడు, ఆ పసివాడి అవమానం ముందు విన్నవారి గుండెకు తగలాలి. అది తగిలాకనే ధ్రువుడి తపస్సుకు అర్థం పుడుతుంది.

దాసుగారి చింతనలోని వెడల్పు కూడా గమనించదగినది. పారశీక కవి ఉమర్ ఖయ్యాం రుబాయీలను మూలం నుంచీ, ఫిట్జెరాల్డ్ ఆంగ్లానువాదం నుంచీ కూడా తీసుకుని సంస్కృతంలోకీ, సంస్కృత పదాలు కలవని అచ్చతెలుగులోకీ ఆయన మార్చిన పుస్తకం 1932లో వెలువడింది. పరలోకం గురించిన హామీలను శంకించే కవిని హరిదాసు ఇంత శ్రమపడి తనవాడిగా చేసుకోవడం చూస్తే, ఆయన భక్తి ప్రశ్నలకు భయపడినది కాదని స్పష్టమవుతుంది. తొంభై రాగాలతో దేవిని స్తుతించే దశవిధరాగ నవతికుసుమమంజరి, తాత్త్విక గ్రంథమైన జగజ్జ్యోతి, ఖయ్యాం అనువాదం ఒకే మనిషివి కావడం విజయనగరం చేసుకున్న అదృష్టం.

అయితే రసికుడికి కలిగే ఆనందం ఎలాంటిదో చెప్పిన ఆలంకారికులు కళాకారుడికి దక్కేదేమిటో చెప్పడంలో అంత ఉదారంగా లేరు. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం ప్రకారం రంగస్థలం మీది దుఃఖం ఫలానా రాముడిది, ఫలానా సీతది అన్న హద్దును దాటి అందరి దుఃఖంగా మారుతుంది, ప్రేక్షకుడు ఆ కాసేపు తన సొంత లాభనష్టాలను మరచిపోతాడు. అందుకే 14వ శతాబ్దపు విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో రసాన్ని బ్రహ్మానందానికి తోబుట్టువన్నాడు. ప్రదర్శన ముగియగానే తోబుట్టువు వెళ్ళిపోతాడు గనుక ఇది మోక్షం కాదన్న పరిమితి ఆ పోలికలోనే ఉంది. ఇక నటుడి విషయానికి వస్తే, అతడు రసాన్ని ఇతరులకు అందించే సాధనం మాత్రమే గాని ఆస్వాదించేవాడు కాడని అభినవగుప్తుడు తేల్చాడు. అందరికీ ఆనందం పంచినవాడికి ధర్మమార్గంలో చోటెక్కడ అన్నది ఈ సిద్ధాంతం తేల్చని విషయం.

ఆ చోటు అలంకారశాస్త్రంలో కంటే వేదంలోని ఋణభావనలో దొరుకుతుంది. మనిషి పుట్టుకతోనే ఋషులకు, దేవతలకు, పితరులకు అప్పుపడి ఉంటాడనీ, అధ్యయనంతో, యజ్ఞంతో, సంతానంతో ఆ అప్పులు తీర్చుకోవాలనీ తైత్తిరీయసంహిత చెబుతుంది. శతపథబ్రాహ్మణం వీటికి నాలుగవదైన మనుష్యఋణాన్ని చేర్చి, సాటి మనుషులకు నీడా, అన్నమూ ఇవ్వడం ద్వారా అది తీరుతుందని అంటుంది. ఈ నాలుగవ ఋణాన్ని ధర్మవేత్తలు మిగతా మూడింటంతగా పట్టించుకోలేదు గాని, విజయనగరం కళల చరిత్రను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి తాళంచెవి లేదు.

1919లో మహారాజా విజయరామ గజపతిరాజు ఇక్కడ సంగీత కళాశాలను నెలకొల్పి నారాయణదాసును తొలి అధ్యక్షుడిగా నియమించారు. ఆస్థానంలోని ఒక ఉద్యోగి అంధకుమారుడికి సంగీతం నేర్పించాలన్న తలంపే దానికి బీజమయిందని చెబుతారు. ఆ కళాశాలను వెదుక్కుంటూ కృష్ణాజిల్లా చౌటపల్లి నుంచి వచ్చిన పేద బాలుడు ఘంటసాల వెంకటేశ్వరరావు (1922–1974) మధూకరం ఎత్తి కడుపు నింపుకున్నాడు. మధూకరం అంటే తుమ్మెద అనేక పూల నుంచి కొంచెం కొంచెంగా తేనె సేకరించినట్టు, విద్యార్థి ఏ ఒక్క ఇంటికీ భారం కాకుండా అనేక ఇళ్ళలో వండిన అన్నాన్ని కొద్దికొద్దిగా అడిగి తెచ్చుకోవడం. ఆశ్రయమిచ్చి, జీతం తీసుకోకుండా పాఠం చెప్పిన గురువు సాలూరు పట్రాయని సీతారామశాస్త్రి. ఆ వీధుల గృహిణులు పెట్టిన ముద్దలకు రసీదులు లేవు, వారిలో చాలామంది పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. కాని ఆ అన్నం శతపథబ్రాహ్మణం చెప్పిన అన్నమే. అది పాటగా తిరిగి వచ్చింది. 1953లో దేవదాసు చిత్రంలో తాగుబోతు ప్రేమికుడి వేదనను పాడిన గొంతే, జీవితం చివరిలో భగవద్గీతా శ్లోకాలను తాత్పర్యంతో సహా పాడింది. ఆయన మరణించిన 1974లోనే విడుదలైన ఆ గీత తెలుగునాట చావు జరిగిన ఇంటి ముందు ఈనాటికీ వినిపిస్తూనే ఉంది. వీటిలో మొదటిది వినోదం, రెండవది ధర్మం అని విడదీయడం సులభమే గాని, ప్రేమ విఫలమైనవాడికి ఒకటీ, అయినవారిని పోగొట్టుకున్నవాడికి మరొకటీ తోడు నిలిచాయి. తోడు నిలవడమే మనుష్యఋణం తీర్చడమైతే రెండు పాటలూ ఒకే ఖాతాలో పడతాయి.

దీనికి బలమైన అభ్యంతరం త్యాగరాజస్వామి వైపు నుంచి వస్తుంది. భక్తి లేని సంగీతజ్ఞానం సన్మార్గం కాదనీ, ధనం కోసం మనుషులను పొగడడం హీనమనీ ఆయన కృతుల సారాంశం. ఇది కొట్టివేయదగిన మాట కాదు. రాజులను స్తుతించి బతికే విద్యలో అహంకారమూ, దైన్యమూ రెండూ పెరగడం ఆయన కళ్ళారా చూశారు. కాని స్తుతించి పుచ్చుకోవడానికీ, పుచ్చుకున్నదానిని తిరిగి ఇవ్వడానికీ తేడా ఉంది. 1936లో నారాయణదాసు తరువాత కళాశాల అధ్యక్షుడైన ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) మందమైన చూపుతోనే, పాశ్చాత్యుల వాద్యమైన ఫిడేలు మీద ఆ త్యాగరాజ కృతులనే మాటల అవసరం లేకుండా పలికించారు. సాహిత్యం వినిపించని ఆ వాదనలో భక్తిని ఎక్కడ వెదకాలి? వినేవాడి ముందు విద్వాంసుడు తన ప్రతాపాన్ని పక్కన పెట్టి శ్రుతిని నిలబెట్టడంలో వెదకాలి, అక్కడ అది ఉన్నదని విన్నవారు ఒప్పుకున్నారు.

దేవుడి ప్రసక్తి పెద్దగా లేని వినోదానికీ ఈ ఊళ్ళో ధర్మకార్యపు బరువుంది. 1892లో జగన్నాథ విలాసినీ సభ ఇక్కడే తొలిసారి ప్రదర్శించిన గురజాడ అప్పారావు కన్యాశుల్కం, పసిపిల్లలను ముసలివాళ్ళకు అమ్ముకునే ఆచారాన్ని కడుపుబ్బ నవ్విస్తూనే దోషిగా నిలబెట్టింది. శాస్త్రం చదివినవారు సమర్థించిన అన్యాయాన్ని నాటకం చూసినవారు సిగ్గుపడి గుర్తించారంటే, పసిపిల్లల పట్ల సమాజం పడ్డ అప్పును గుర్తు చేసింది వేదిక మీది నవ్వే. శ్రీకాకుళం జిల్లాలో పుట్టి ఈ నాటకంలో రామప్పపంతులుగా పేరుపొందిన జె.వి. సోమయాజులు, 1980లో శంకరాభరణం సినిమాలో సంగీతవిద్వాంసుడు శంకరశాస్త్రి పాత్ర వేసిన తరువాత, తాను సంగీతవిద్వాంసుడు కాకపోయినా, ఎందరికో శంకరశాస్త్రిగానే పూజ్యుడయ్యారు. ఆ నమస్కారాలు ఆయన ద్వారా ఒక విద్యకు చేరాయి. సాధారణీకరణం తెరను దాటి వీధిలోకి వస్తే ఎలా ఉంటుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇంతవరకు చెప్పినవారికి సత్కారాలు దక్కాయి. రొమ్ముకు తప్పెట కట్టుకుని ఎగిరి ఆడుతూ పాడే తప్పెటగుళ్ళ బృందాలకూ, జముకు అనే తంత్రీచర్మవాద్యం మోగిస్తూ ఎల్లమ్మ కథ చెప్పే జముకులవారికీ దక్కింది కొంగులో పోసిన ధాన్యం. జాతరకు వీరు లేకపోతే అమ్మవారు లేచిరాదని నమ్మిన ఊళ్ళే వీరిని పంక్తిలో కూర్చోనివ్వలేదు. మనుస్మృతి నటుడి అన్నాన్ని నిషేధించడంలోని క్రౌర్యం ఇక్కడ పూర్తిగా బయటపడుతుంది: మనుష్యఋణం అన్నం పెట్టడంతో తీరుతుందని ఒక గ్రంథం, అతడు పెట్టే అన్నం ముట్టవద్దని మరొక గ్రంథం చెప్పినప్పుడు, కళాకారుడికి ఇవ్వడానికి మిగిలింది ఆటా పాటా మాత్రమే. ఆ ఆటపాటలను ఊరు తీసుకుంది. మనువు అదే శ్లోకంలో కృతఘ్నుడి అన్నాన్ని కూడా నిషేధించాడు; ఈ రెండు నిషేధాలను పక్కపక్కన చదివిన వ్యాఖ్యాతలు వాటి మధ్య సంబంధాన్ని చూడకపోవడం బాధ కలిగించే విషయం.

శ్రీకాకుళ రైతాంగ సాయుధ ఉద్యమ కాలంలో జముకు ఊరు తనకు పడ్డ ఆ అప్పు లెక్కను తానే అడిగింది. బొడ్డపాడులో అర్చకుడిగా ఉండిన సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను రైతుకూలీల కథగా మార్చి చెప్పి, 1969లో పోలీసుల కాల్పులకు బలయ్యారు. పార్వతీపురం ప్రాంతపు వంగపండు ప్రసాదరావు (1943–2020) జానపదుల బాణీలనే తీసుకుని కష్టజీవుల పాటలు కట్టారు. వారు ఎంచుకున్న రాజకీయమార్గంతో ఏకీభవించనివారు చాలామందే ఉన్నారు, హింస గురించిన వారి అభ్యంతరం న్యాయమైనది కూడా. కాని ఎల్లమ్మను పాడిన వాద్యం భూమినీ కూలినీ గురించి పాడడం దైవద్రోహమన్న వాదన మాత్రం నిలవదు. ఆ వాద్యం పట్టినవారు తరతరాలుగా దేవఋణం తీరుస్తూ వచ్చారు, తమకు రావలసిన మనుష్యఋణాన్ని అప్పుడు అడిగారు, శతపథబ్రాహ్మణం ఆ రెండింటినీ ఒకే జాబితాలో, ఒకే రకమైన అప్పులుగా చూపించింది.