జరిగాక తెరిచే కాలజ్ఞానం

కందిమల్లాయపల్లె బ్రహ్మంగారిమఠం అయ్యాక కూడా ఆయన జోస్యాలైన కాలజ్ఞానాన్ని మనం చదివే తీరు మారలేదు. ముందు సంగతి జరుగుతుంది. తర్వాత తత్త్వం వెతుకుతాం. దొరగ్గానే ‘స్వామి అప్పుడే చెప్పాడు’ అంటాం. భక్తికి అది చెల్లుతుంది, దానితో నాకు పేచీ లేదు. ఆడవాళ్ల కవిత్వాన్నీ అలాగే చదవడమే నన్ను తొలుస్తోంది. అమెరికా కవయిత్రి సిల్వియా ప్లాత్ 1963 ఫిబ్రవరి 11న, ముప్పయ్యేళ్లకే, లండన్‌లో ప్రాణం తీసుకుంది. అప్పటినుంచి ఆమె ప్రతి పద్యంలోనూ ఆ రోజునే వెతుకుతున్నారు. వెతికితే దొరకనిదేముంది? తన బతుకును పద్యాల్లో పెట్టింది ఆమే కదా అనొచ్చు. పెట్టింది, కానీ ఎలా పెట్టింది? ‘ఏరియల్’ సంపుటి రాతప్రతికి ఆమే ఒక వరస కుదిర్చింది. ప్రేమ అన్న మాటతో మొదలై, చివర తేనెటీగల పద్యాల మీదుగా వసంతం అన్న మాటతో ముగుస్తుంది. ఆమె పోయేనాటికే విడిగా ఉంటున్న భర్త టెడ్ హ్యూజ్ 1965లో దాన్ని అచ్చు వేయించినప్పుడు కొన్ని పద్యాలు తీసేసి, చివరి రోజుల్లోవి కొన్ని చేర్చాడు. దాంతో పుస్తకం నడక చావువైపు తిరిగింది. ఆమె పెట్టిన వరస పుస్తకంగా రావడానికి 2004 దాకా పట్టింది. మనం జోస్యం అనుకున్నదాంట్లో కొంత సంపాదకుడి కూర్పన్నమాట.

రామాయణం రాసిన మొల్లకు జరిగింది మరో రకం అన్యాయం. ఆమె ఊరు బద్వేలు పక్క గోపవరమని ఇటువైపు నమ్మకం. నెల్లూరువాళ్లు తమ గోపవరమంటారు. ప్లాత్‌వి ఉత్తరాలూ డైరీలూ కుప్పలు. మొల్ల తన గురించి చెప్పుకున్నది తండ్రి కేసన, శ్రీకంఠ మల్లేశ్వరుడి వరం, ఇంకో రెండు ముక్కలు. మిగతా ఖాళీని రాయల కొలువుతో, తెనాలి రామకృష్ణుడితో మనమే నింపాం. చదువురాని కుమ్మరి పిల్ల నోట దేవుడి దయవల్ల రామాయణం పలికిందన్నాం. శాస్త్రాలు రావని ఆమే ఒప్పుకుంది కదా అంటారు. ఒప్పుకుంది. రావన్న సంధులనూ విభక్తులనూ ధాతువులనూ పేరుపేరునా చెప్పి, ఛందస్సు రాదన్న మాటను ఛందస్సు తప్పకుండా ఒప్పుకుంది. ఈత రాదంటూ పెన్న దాటినట్టుంది వ్యవహారం! గూఢమైన మాటలు పేర్చిన కావ్యం మూగవాడూ చెవిటివాడూ కబుర్లాడుకున్నట్టు ఉంటుందన్నదీ ఆమే. ఏమీ రానివాళ్లు కవిత్వం ఎలా ఉండాలో తీర్పు చెప్పరు. భాగవతం తనచేత రాముడే చెప్పించాడన్నాడు పోతన. ఆయన్ను సహజ పండితుడన్నాం. ఆమె వరం అంటే మాత్రం చదువు రాదని అర్థం చేసుకున్నాం.

ఇక్కడ నా వాదం నాకే అడ్డం తిరుగుతోంది. జీవితాన్ని పక్కనబెట్టి పద్యం చదవమంటూనే, ప్లాత్ పెట్టిన వరసను సాక్ష్యానికి పిలిచాను. అదీ ఆమె జీవితంలోని సంగతే. తప్పించుకోలేను. ఆమె ఎలా పోయిందన్నది పద్యానికి ముందే అర్థం చెప్పేస్తుంది. కాగితాలు ఎలా పేర్చిందన్నది పద్యాన్ని మళ్లీ చదివిస్తుంది. నాకు కావలసింది ఆ రెండోదేనేమో. మొల్ల విషయంలో అదే దొరకదు. ఐదు రోజుల్లో రామాయణమంతా చెప్పేసిందన్న కథ మాత్రం ఉంది. ఆ ఐదు రోజుల్లో ఎక్కడా ఒక్క పాదమైనా కొట్టేసి మళ్లీ రాసుకునే తీరిక మనం ఆమెకు ఇవ్వలేదు.