పుట్టుక వరుస – పూనవలసిన బాధ్యత

తెలుగు మాటాడువారికి తోబుట్టువును వరుస చెప్పకుండ పిలుచుట సాధ్యము కాదు. అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు అను మాటలలో దేనిని పలికినను, ముందు పుట్టినదెవరో వెనుక పుట్టినదెవరో ఆ మాటలోనే తేలిపోవును. మనము తరతరములుగా కాపురముండు తమిళ, కన్నడ సీమలలోను ఇదే మర్యాద. బైబిలు మూలభాషలైన హెబ్రీ, గ్రీకులలో అట్లు కాదు. అన్నకును తమ్మునికిని అక్కడ ఒకటే మాట చాలును. కావుననే ఆదికాండములోని కయీను హేబెలుల కథను తెనిగించినవారు, మూలపదమున లేని పెద్దచిన్నల భేదమును తెచ్చి 'తమ్ముడు' అని వ్రాయవలసివచ్చినది. దేవుడు హేబెలు ఎక్కడని అడిగినప్పుడు కయీను తప్పించుకొనుటకు పలికిన మాట, అందుచేత, తెలుగు చెవికి మరింత కటువుగా వినబడును. తోబుట్టువును కాచు పని తనది కాదన్నవాడు మన భాషలో అన్న.

అన్న యనిపించుకొనుట వేరు, అన్నగా నడచుకొనుట వేరు. ఈ భేదమును గూర్చి కొంత విచారింపదలచితిమి.

పెద్దకొడుకు కోపిష్ఠి యైనచో, ఇంటి బరువు మోయువానికి ఆమాత్రము కోపముండదా యని సర్దుకొందుము. నడిమివాడు ఎవరితోను పొసగక దూరమైనచో, చిన్ననాడు వానిని పట్టించుకొన్నవారెవరని జాలిపడుదుము. కడగొట్టువాడు తనకు సంసారము వచ్చిన తరువాతను చేయి చాచుట మానకున్నచో, గారాబముగా పెరిగినవాడని నవ్వి ఊరకుందుము. ఆడబిడ్డలలో పెద్దది తన చదువు మాని చెల్లెండ్రను సాకినచో, పెద్దపిల్లకు అది సహజమే యని ఆమె త్యాగమును లెక్కలోనికే తీసికొనము. ఈ మాటలన్నిటిలోను కొంత నిజమున్నది. ఆ నిజము ఎంతవరకు, సాకు ఎంతవరకు అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నను శాస్త్రదృష్టితో లేవదీసినవారిలో వియన్నా నగరపు వైద్యుడు ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ (1870–1937) ముఖ్యుడు. ఆయనయు ఒక ఇంటి రెండవ సంతానమే. తమ్ముడో చెల్లెలో పుట్టగానే పెద్దబిడ్డ సింహాసనము కోల్పోయిన రాజు వంటిదగుననియు, రెండవబిడ్డ ముందున్నవానిని అందుకొనుటకు పరుగిడుచుండుననియు, కడబిడ్డకు గారాబము వలన చెడు భయమున్నదనియు ఆయన వివరించెను. ఈ మాటలు లోకమంతట వ్యాపించినవి. ఆయనయే చేసిన హెచ్చరిక మాత్రము అంతగా వ్యాపింపలేదు. బిడ్డను మలచునది పుట్టిన అంకె కాదనియు, పుట్టిన పరిస్థితియు దానిని ఆ బిడ్డ అర్థము చేసికొను తీరును అనియు ఆయన స్పష్టముగా చెప్పియున్నాడు.

తరువాతి పరిశోధనలు ఈ హెచ్చరికనే బలపరచినవి. 2015లో అమెరికా, బ్రిటను, జర్మనీ దేశములకు చెందిన 20,000 మందికి పైబడిన వ్యక్తుల వివరములను జర్మను పరిశోధకులు పరీక్షించిరి. కలుపుగోలుతనము, నిలుకడ, శ్రద్ధ మున్నగు గుణములకును పుట్టిన వరుసకును చెప్పుకోదగిన సంబంధమేదియు వారికి కానరాలేదు. ఇటీవలి యొక పరిశోధనలో నడిమి బిడ్డల యందు నమ్రతయు సర్దుకొను గుణమును కొంచెము హెచ్చని తేలినది గాని, ఆ భేదమును స్వల్పమే. ఒక్క బుద్ధి పరీక్షలలో మాత్రము పెద్దబిడ్డలకు కొద్దిపాటి ఆధిక్యము పలుమారులు కనబడినది. 2007లో నార్వే దేశమున సైనిక సేవకు పిలువబడిన సుమారు 2,40,000 మంది యువకులను గూర్చి ప్రకటింపబడిన పరిశోధన ఈ ఆధిక్యమును పరీక్షించి ఒక విశేషమును చెప్పినది. రెండవవాడుగా పుట్టియు, అన్న మరణించుట వలన ఇంటికి పెద్దవాడుగా పెరిగినవాడు పెద్దవారితో సమానముగా నిలిచెను. అనగా ఆ ఆధిక్యము రక్తములో లేదు. ఇంటిలో ఇచ్చిన స్థానములో ఉన్నది.

మన దేశమును గూర్చిన సంగతి ఇంతకంటె మనసును కలచునది. 2017లో సీమా జయచంద్రన్, రోహిణీ పాండే అను ఆర్థికశాస్త్రజ్ఞులు భారతీయ శిశువుల ఎత్తును ఆఫ్రికా శిశువుల ఎత్తుతో పోల్చి చూచిరి. మొదటి బిడ్డ విషయమున మన దేశము వెనుకబడలేదు. రెండవ బిడ్డతో ఆరంభమైన వెనుకబాటు, తరువాతి బిడ్డలలో పెరుగుచు పోయినది. పెద్దకొడుకుపై మన సమాజమునకు గల మక్కువయే దీనికి ముఖ్యకారణమని వారు నిర్ణయించిరి. కడుపులో నుండగా తల్లికి దొరికిన పోషణ, పుట్టిన తరువాత బిడ్డకు దొరికిన ఆహారము, వైద్యము, ఇవన్నియు వరుసను బట్టి తరిగిపోయినవన్న మాట. కావున బాధ్యతను గూర్చి మాటాడునప్పుడు మొదటి లెక్క తల్లిదండ్రులే అప్పగింపవలెను. వరుసను ఇచ్చినవాడు దేవుడు. వరుసను బట్టి ప్రేమను పంచినవారు మనము.

ఐనను లెక్క అక్కడ ముగియదు. మోషే ధర్మశాస్త్రము జ్యేష్ఠునికి రెండు పాళ్లు విధించినది. ఆ జ్యేష్ఠుడు తండ్రి ప్రేమింపని భార్య కుమారుడైనను ఆ హక్కును మార్చరాదని ద్వితీయోపదేశకాండము ఇరువదియొకటవ అధ్యాయము శాసించుచున్నది. తండ్రి మనసు చపలమని ఎరిగి చేసిన కట్టడి యది. ఇంత గౌరవమిచ్చిన గ్రంథమే, జ్యేష్ఠుడగుట చేతనే మంచివాడగునని ఎక్కడను చెప్పలేదు. ఏశావు ఒక పూట ఆకలికి జ్యేష్ఠత్వమును అమ్ముకొనెను. యెష్షయి కుమారులలో అందరికంటె చిన్నవాడైన దావీదు రాజయ్యెను. అట్లని కడగొట్టువాడగుట చేతనే దావీదు నీతిమంతుడు కాలేదు. ఊరియా భార్య విషయమున ఆయన చేసిన పాపమును ఆ గ్రంథము దాచలేదు.

వరుసకును వ్యక్తికిని గల సంబంధమును మాకు మిక్కిలి తేటగా చూపునది యూదా చరిత్ర. యాకోబు పన్నిద్దరు కుమారులలో అతడు నాలుగవవాడు. తండ్రి యోసేపునకు విచిత్రమైన అంగీ కుట్టించి తక్కినవారి మనసు నొప్పించెను. పెద్దవాడైన రూబేను ఆ చిన్నవానిని రహస్యముగా తప్పింపదలచెను గాని, తమ్ముల యెదుట నిలిచి ఇది తగదని గట్టిగా చెప్పలేకపోయెను. అమ్మివేయుదమని ఆలోచన చెప్పినవాడు యూదా. ఏండ్లు గడచి కరవు వచ్చినది. ఐగుప్తులో బెన్యామీను చిక్కుకొన్న దినమున, అదే యూదా ముందుకు వచ్చి, వానికి బదులు తాను దాసుడుగా ఉండెదనని వేడుకొనెను. తండ్రి ప్రాణము ఆ చిన్నవాని ప్రాణముతో పెనవేసుకొన్నదని అతడు చెప్పిన మాటలో ఫిర్యాదు లేదు. తండ్రి పక్షపాతము మారలేదు. యూదా ఇంకను నాలుగవవాడే. మారినది యూదా. పాత గాయమును సాకుగా చూపుటకు అతనికి హక్కున్నను, దానిని అతడు వాడుకొనలేదు.

తండ్రుల దోషము బిడ్డల పండ్లకు తగులునను భావము గల సామెతను చెప్పుకొనుచు తమ్ము తాము సమర్థించుకొన్న జనులతో, ఇకమీదట ఆ సామెత చెల్లదని యెహెజ్కేలు ప్రవక్త పదునెనిమిదవ అధ్యాయమున వాదించెను. ఎవని నడత వానిది, మనసు త్రిప్పుకొన్నవానికి దారి మూయబడలేదు, అని ఆ అధ్యాయపు సారము. దీనిని కొందరు కఠినమైన బోధ యందురు. మాకు ఇది గొప్ప ఊరటగా తోచుచున్నది. గతము మనలను నిర్ణయించినచో, మారుమనస్సు అను మాటకు అర్థమేమున్నది?

ఈ విచారము మన ఇండ్లలో పరీక్షకు వచ్చునది తల్లిదండ్రులు మంచము పట్టిన దినమున. వీలునామా లేనిచో, 1925 నాటి భారత వారసత్వ చట్టము, సామాన్యముగా క్రైస్తవ కుటుంబములలో, బ్రదికియున్న జీవిత సహచరుల భాగము పోగా మిగిలిన ఆస్తిని కొడుకులకును కూతుండ్రకును సమానముగా పంచును. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టము కూడ బిడ్డ ఎన్నవవాడని అడుగదు. భాగమునకు వచ్చునప్పుడు అందరమును సమానులమే యని, సేవకు వచ్చునప్పుడు మాత్రము పెద్దవాడున్నాడుగదా యని చిన్నవారనుట న్యాయము కాదు. తమ్ముల చదువునకై తన చదువు మాని పనిలో చేరిన అన్నకును, పెండ్లి ఆలస్యము చేసికొన్న అక్కకును చిన్నవారు ఋణపడియున్నారు. ఆ ఋణమును చూపి జీవితాంతము వారి సంసారములపై పెత్తనము చేయు హక్కు మాత్రము పెద్దవారికి లేదు. నడిమివాడు, తనకు దక్కని ప్రేమను ముసలి తల్లికి చేయు సేవలో తగ్గించి బదులు తీర్చుకొనరాదు.

హిందూ సోదరులకు ఈ భావము క్రొత్త కాదు. రామాయణమున తల్లి కోరికతో చేతికి వచ్చిన రాజ్యమును భరతుడు తనదనుకొనలేదు, వదలి పారిపోనును లేదు. అన్న పాదుకలనుంచి, చిన్నవాడైయుండి బరువు మోసెను.

పెద్దరికము వలన కలుగు ఒక మేలును ఇతర భాషాప్రాంతములలోని మన కుటుంబములు ప్రత్యేకముగా ఎరుగును. మొదటి బిడ్డ బడి నుండి వీధి భాషను ఇంటికి తెచ్చినప్పుడు, తమ్ములు చెల్లెండ్రు దానినే అందుకొందురు. ఆ బిడ్డయే చిన్నవారితో తెలుగున పలికినచో తెలుగు మరియొక తరము నిలుచును. ముందు నడచువాని వెనుక దారి ఏర్పడును. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో క్రీస్తును అనేక సహోదరులలో జ్యేష్ఠుడనుటకు అర్థము కూడ ఇటువంటిదేయని మా నమ్మకము. సిలువపై నుండి తన తల్లిని శిష్యునకు అప్పగించిన ఆ జ్యేష్ఠుడు, పెద్దరికమును ఇతరుల కొరకే వాడెను.

తప్పిపోయిన కుమారుని కథ వినునప్పుడు మన చూపు చిన్నవానిపైననే నిలుచును. లూకా సువార్తలో ఆ కథ ముగియునది పెద్దవానితో. అతడు ఒళ్లు దాచుకొనక పనిచేసినవాడే. కాని వచ్చినవానిని తమ్ముడనుటకు అతనికి నోరు రాలేదు. తండ్రితో నీ కుమారుడని వేరుచేసి పలికెను. తండ్రి మెల్లగా ఆ వరుసను సరిదిద్ది, వాడు నీ తమ్ముడేయని జ్ఞాపకము చేసెను. అటుపిమ్మట పెద్దవాడు లోపలికి వెళ్లెనో, వాకిటనే నిలిచిపోయెనో యేసు చెప్పలేదు. తండ్రి బయటికి వచ్చి బతిమాలెను. అడుగు వేయవలసినవాడు కుమారుడు.