ముందు ఋణము – పిదప దానము

లేమి మనుజుని పరీక్షించునని లోకమున అందరును ఎరుగుదురు. కలిమియు అంత కఠినముగానే పరీక్షించునని తలచువారు అరుదు. లేమిలోనున్న గృహస్థునకు కష్టపడి సంపాదించుట తప్ప వేరు మార్గము కనబడదు. అనుకొనకుండ చేతికి ధనము వచ్చినవానికి నూరు మార్గములు కనబడును. వానిలో ధర్మమార్గమేదియో తెలిసికొనుటకు దొరకు వ్యవధి మాత్రము మిక్కిలి స్వల్పము. ధనము ఇల్లు చేరకముందే దానిని వ్యయపరచు ఊహలు ఇల్లు చేరును.

నేటి గృహస్థునకు ఇట్టి ధనము పెక్కు విధముల రావచ్చును. ఏండ్ల తరబడి నిలిచిపోయిన జీతపు బకాయిలు ఒక్కసారిగా మంజూరగును. రహదారి క్రిందనో జలాశయము క్రిందనో పోయిన పొలమునకు నష్టపరిహారము అందును. తాతలనాటి బీడు స్థలమునకు మంచి వెల పలుకును. సంతానము లేని బంధువు వ్రాసిన వీలునామా వలన కొంత సొమ్ము సంక్రమించును. కోరకయే వచ్చిన ఇట్టి ధనమును పెద్దలు దైవదత్తమందురు. అట్లనుట తగియే యున్నది. కాని ఆ యింటి పెట్టెలోనే తాకట్టు చీట్లును, ప్రామిసరీ నోట్ల వడ్డీ లెక్కలును, పచారీ దుకాణపు ఖాతా పుస్తకమును ఉన్నప్పుడు ఒక ప్రశ్న పుట్టును. దైవమిచ్చిన ఆ ధనము నిజమునకు ఎవరిది?

అడుగకయే వచ్చిన ధనమంతయు దైవదత్తము కాదని మొదట గ్రహింపవలెను. పొరపాటున ఒకరి బ్యాంకు ఖాతాలో పడిన సొమ్ము వారిది కాదు. దారిలో దొరికిన మూట దొరికినవానిది కాదు. నేల త్రవ్వగా బయటపడిన నిధి విలువ పది రూపాయలు మించినచో కలెక్టరునకు తెలియజేయవలెనని 1878 నాటి నిధుల చట్టము విధించినది. పరధనముతో తీర్చిన అప్పు తీరినట్లు కాదు. ఒకరికి ఇయ్యవలసినది మరియొకరికి ఇయ్యవలసి వచ్చును, అంతియే. కావున ఇక్కడ విచారించునది న్యాయముగా వచ్చిన ధనమును గూర్చి మాత్రమే.

ఋణమను మాటకు మన సంప్రదాయమున విస్తృతమైన అర్థము కలదు. బ్రాహ్మణుడు మూడు ఋణములతో జన్మించునని తైత్తిరీయ సంహిత చెప్పగా, పిదపటి పెద్దలు దానిని గృహస్థులందరికిని అన్వయించిరి. బ్రహ్మచర్యముచే ఋషి ఋణము, యజ్ఞముచే దేవ ఋణము, సంతానముచే పితృ ఋణము తీరును. అథర్వవేదము ఆరవ కాండమున ఋణవిముక్తిని వేడు సూక్తములు కలవు. ఈ లోకమునను, పరలోకమునను ఋణము లేనివారమై యుండవలెనని ఋషి అందు ప్రార్థించెను. మహాభారతము వనపర్వమున యక్షుడు సుఖియైనవాడెవడని ప్రశ్నించెను. ఐదవనాడో ఆరవనాడో తన యింట కూర వండుకొని తినువాడైనను, ఋణము లేక, స్వస్థలమును విడువక యున్నవాడే సుఖి అని ధర్మరాజు భావము. సిరిసంపదలన్నియు అనుభవించి, జూదమున సర్వమును పోగొట్టుకొని, అడవుల పాలైన రాజు నోట వచ్చిన మాట యగుటచే దానికి బరువు ఎక్కువ. ఆయన సుఖమును కలిమితో కొలువలేదు. ఋణము లేకుండుటతో కొలిచెను.

అనుకొనని ధనము వచ్చినప్పుడు ఋణస్థుని చిత్తము ఎట్లుండవలెనో కాళిదాసు రఘువంశము ఐదవ సర్గలో చూపెను. వరతంతువను గురువు వద్ద కౌత్సుడు విద్యలన్నియు నేర్చెను. గురుదక్షిణ ఏమి ఇత్తునని అడుగగా, నీ సేవయే చాలునని గురువు పలికెను. శిష్యుడు విడువక మరల మరల అడిగెను. గురువునకు కోపము వచ్చి, నేర్పిన పదునాలుగు విద్యలకు పదునాలుగు కోట్లు తెమ్మనెను. కౌత్సుడు రఘుమహారాజు వద్దకు పోయెను. అప్పటికే రఘువు విశ్వజిద్యాగమున సర్వస్వమును దానము చేసి, అతిథికి మట్టిపాత్రలో అర్ఘ్యము తెచ్చు స్థితిలో నుండెను. అయినను అర్థిని వట్టిచేతులతో పంపనొల్లక, రెండు మూడు దినములు ఆగుమని చెప్పి, కుబేరునిపై దండెత్తుటకు సిద్ధపడెను. తెల్లవారునప్పటికి రాజు కోశాగారమున బంగారు వాన కురిసి యుండెను. రఘువు ఆ రాశినంతయు కౌత్సునకే ఇచ్చెను. కౌత్సుడు గురువునకు చెల్లవలసినదానికి మించి కోరలేదు. అడిగినదానికంటె ఎక్కువ ఇయ్యజూచు దాతను, కావలసినదానికంటె ఎక్కువ గ్రహింపనొల్లని అర్థిని సాకేతపురవాసులు సమానముగా కొనియాడిరి.

కౌత్సునకు ఆ బంగారము ఐశ్వర్యముగా కనబడలేదు. ఋణము తీర్చు సాధనముగా మాత్రమే కనబడెను. కన్నుల ముందు కొండవలె బంగారము పడియున్నను అతని లెక్క మారలేదు. గృహస్థుడు ఈ కథనుండి నేర్వవలసినది ఇదియే. ధనము రాకముందు అప్పు ఎంత యున్నదో ధనము వచ్చిన పిదపను అంతయే యుండును. మారునది మనస్సు మాత్రమే. నిన్నటివరకు కొండంతగా తోచిన అప్పు నేడు గోరంతగా తోచును. ఎప్పుడైనను తీర్పవచ్చునను ధీమా పుట్టును. ఆ ధీమాయే ప్రమాదము.

కౌత్సుని ఋణమునకు వడ్డీ లేదు. గృహస్థుని ఋణమునకు కలదు. పల్లెలలో వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుట వాడుక. నూటికి రెండు రూపాయల వడ్డీ యన్నచో వినుటకు స్వల్పముగా నుండును. అది ఏడాదికి నూటికి 24 రూపాయలు. లక్ష రూపాయల అప్పునకు ఏడాదికి 24,000 రూపాయలు వడ్డీ కట్టవలెను. అసలు తీర్పకున్నచో నాలుగేండ్ల రెండు నెలలలో వడ్డీ అసలుతో సమానమగును. చేతికి వచ్చిన లక్షను అప్పునకు కట్టక, ఏడాదికి నూటికి ఏడు రూపాయల చొప్పున బ్యాంకులో దాచినవానికి 7,000 రూపాయలు వచ్చును. ఏటేట 17,000 రూపాయలు నష్టపోవుచు అతడు పొదుపు చేయుచున్నానని సంతోషించును. ఒక్కసారి గ్రహించు వడ్డీ, అసలుతో కలిసి రెట్టింపును మించరాదని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున నియమము కలదు. దామ్‌దుపట్ అను పేర ఆంగ్లేయుల కాలమున బొంబాయి రాజధానిలోను, కలకత్తా నగరమునను న్యాయస్థానములు దీనిని పాటించినవి. ఋణము మనుజుని మ్రింగరాదని పూర్వులు ఎంతగా తలచిరో దీనివలన తెలియును.

ఇక భక్తునకు కలుగు ధర్మసందేహము ఒకటి కలదు. వచ్చినది దైవదత్తమైన ధనము గదా! దానిని మొదట దైవమునకు అర్పింపక అప్పులవారికి ఇచ్చుట భక్తికి లోపము కాదా? పుణ్యకార్యమునకు, అన్నదానమునకు వినియోగించుట మేలు కాదా? పెక్కురు సత్పురుషులు ఈ సందేహముననే చిక్కుకొందురు.

తనకు గల స్వత్వమును విడిచి ఇతరునకు స్వత్వము కలిగించుటయే దానమని ధర్మశాస్త్ర నిర్వచనము. చేతిలోనున్న సొమ్ము శాసనము దృష్టిలో ఋణస్థునిదే కావచ్చును. కాని దానిని తిరిగి ఇత్తునని అతడు ముందే మాట ఇచ్చియున్నాడు. మాటకు కట్టుబడిన సొమ్మును దానము చేయుటయనగా, ఋణదాత సొమ్ముతో పుణ్యము కొనుటయే. పేరు దాతది, నష్టము మరియొకనిది. తనవారు దుఃఖించుచుండగా పరులకు దానము చేయువాని దానము ధర్మము కాదనియు, ధర్మమువలె కనబడునది మాత్రమే యనియు మనుస్మృతి పదునొకండవ అధ్యాయమున నిందించినది. తనను నమ్మి సొమ్మిచ్చినవాడు దుఃఖించుచుండగా చేయు దానమును అంతకంటె మేలుగా ఎన్నుటకు వీలు లేదు.

భద్రాచల రామదాసు చరిత్రము ఈ విషయమున గొప్ప ప్రమాణము. తానీషా 1672 నుండి 1687 వరకు గోల్కొండ నేలిన ప్రభువు. ఆయన కాలమున పాల్వంచ పరగణా తహసీల్దారుగా నుండిన కంచెర్ల గోపన్న సర్కారు పైకముతో రామాలయము కట్టించి, చెరసాల పాలయ్యెను. పండ్రెండేండ్లు చెరలో మ్రగ్గిన పిదప రామలక్ష్మణులు సేవకుల వేషమున వచ్చి, ఆరు లక్షల మొహరీలు తానీషాకు చెల్లించి, రశీదు పుచ్చుకొనిరని భక్తుల సంప్రదాయము. ఈ కథ వినువారు స్వామి దయను తలచి కన్నీరు కార్తురు. అందు మరియొక ధర్మసూక్ష్మము కలదు. కోదండపాణికి చెరసాల తలుపులు పగులగొట్టుట అసాధ్యము కాదు. సొమ్ము తన ఆలయమునకే వినియోగమైనది గావున చెల్లింపనక్కరలేదని స్వప్నమున ఆనతీయవచ్చును. స్వామి అట్లు చేయలేదు. లెక్క ప్రకారము పైకము చెల్లించి రశీదు తీసికొనెను. దైవకార్యమునకు వ్యయమైనను ఒకరి సొమ్ము ఒకరిదేయని దీని భావము.

తిరుమల స్వామి కథయు ఇట్టిదే. పద్మావతీ పరిణయమునకై శ్రీనివాసుడు కుబేరుని వద్ద అప్పు చేసి, పత్రము వ్రాసి యిచ్చి, వడ్డీ చెల్లించుచున్నాడని పురాణకథ. అందుచేతనే ఆయన వడ్డికాసులవాడు. హుండీలో వేసిన కానుక ఆ ఋణమునకే చేరునని జనుల విశ్వాసము. సాక్షాత్తు లక్ష్మీపతియే ఋణమును ఋణముగా అంగీకరించి తీర్చుకొనుచుండగా, తన ఋణదాతను త్రిప్పి పంపి తెచ్చిన కానుకను చూచి స్వామి సంతసించునా?

మొక్కుబడులు మానుమని దీని తాత్పర్యము కాదు. మొక్కును ఋణమే. కాని దైవమునకు ఆకలి లేదు, అత్యవసరము లేదు. నెలల తరబడి డబ్బు రాని పాలవాని యింట పిల్లలకు ఆకలి కలదు. స్వామికి ఒక్క కొబ్బరికాయ సమర్పించి, శక్తి కలిగినప్పుడు మొక్కు తీర్తునని విన్నవించిన భక్తుని ఆయన కరుణించును. ఎదురుచూచి అలసిన మనుజుడు అట్లు ఓర్చుకొనలేడు. ఓర్చుకొనవలెననుట న్యాయమును కాదు.

అప్పులు పెక్కు ఉన్నప్పుడు ఏది ముందు తీర్పవలెను? తీసికొన్న క్రమముననే తీర్పవలెనని యాజ్ఞవల్క్య స్మృతి సామాన్య నియమము చేసినది. వడ్డీ అధికముగా నున్నది ముందని లోకజ్ఞులందురు. నష్టమును తగ్గించుటకు అది మంచి మార్గమే. అయినను వీనికంటె ముందు చూడవలసినవి కొన్ని కలవు. పనిమనిషి జీతము, పాలవాని బాకీ, నోటు వ్రాయించుకొనక చేబదులిచ్చిన పేదవాని సొమ్ము ఇట్టివి. ఇవి చిన్న మొత్తములు; వీనికి వడ్డీ లేదు; దావా వేయువారు లేరు. అడుగుటకు జంకువారి సొమ్ము గావుననే వీనిని అడుగకముందే ఇయ్యవలెను.

భార్య నగలు కుదువపెట్టి తెచ్చిన ఋణము మరియొకటి. కరవు, ధర్మకార్యము, వ్యాధి, నిర్బంధము అను ఆపదలలో తప్ప భర్త వాడుకొన్న స్త్రీధనమును తిరిగి ఇయ్యవలసినదేయని యాజ్ఞవల్క్యుని మతము. స్త్రీధనము భార్యకే చెందిన ఆస్తియని 1985లో సుప్రీంకోర్టు స్పష్టము చేసినది. ఇంటి కష్టములో మాటాడక గాజులు తీసి యిచ్చిన ఇల్లాలు చీటీ వ్రాయించుకొనలేదు. ఆమెయు ఋణదాతయే.

కొందరు శాసనమును అడ్డు పెట్టుకొందురు. 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము ప్రామిసరీ నోటుపై దావాకు సాధారణముగా మూడేండ్లే గడువు. గడువు దాటిన నోటునకు కాలదోషము పట్టినదందురు. దోషము పట్టినది దావాకు మాత్రమే, ఋణమునకు కాదు. అట్టి బాకీని చెల్లింతునని వ్రాసి సంతకము చేసినచో ఆ వాగ్దానము చెల్లునని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే అంగీకరించినది. తండ్రి ఋణమును కుమారుడు తీర్చుట ధర్మమనియు, జూదమునకు, మద్యమునకు చేసిన ఋణములు తీర్పనక్కరలేదనియు స్మృతులు చెప్పినవి. 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టము, ఆ పిమ్మట చేసిన అప్పుల విషయమున, కేవలము ఈ ధర్మబాధ్యతను బట్టియే కుమారునిపై న్యాయస్థానములు చర్య తీసికొనరాదని విధించినది. శాసనము బలవంతము చేయుట మానినది. తండ్రి మాట నిలుపవలెనను ధర్మము మాత్రము అట్లే యున్నది.

అయితే వచ్చిన ధనము నొక్క పైసయు మిగుల్చక అప్పులకు ఊడ్చియిచ్చుటయు వివేకము కాదు. మరునెల ఇంట జబ్బు చేసినచో ఆ గృహస్థుడు మరల వడ్డీ వ్యాపారి గుమ్మము త్రొక్కవలసి వచ్చును. కొద్ది నెలల తిండికి, వైద్యమునకు చాలినంత సొమ్ము వేరుగా ఉంచుట ఋణమును ఎగవేయుట కాదు. కొత్త ఋణమునకు తలుపు మూయుట. చెల్లించునప్పుడు నోటు వెనుక చెల్లు వ్రాయించుకొనవలెను. పూర్తిగా తీరినచో నోటును తిరిగి తీసికొనవలెను. ఇల్లు తాకట్టులో నున్నచో విడుదల పత్రము వ్రాయించుకొనవలెను. శ్రీరాముడే రశీదు అడిగి పుచ్చుకొన్నాడు గదా!

పొందవలసిన ఫలము ధనము కాదు, చిత్తశాంతి. అప్పు గలవాడు దేవుని యెదుట నిలిచినను అతని చెవి వీధి తలుపు వైపే యుండును. వీధిలో ఋణదాత ఎదురైనచో పక్క సందున దూరును. పిల్లలచేత ఇంట లేరని పలికించును. ఆ చిన్న నోట తొలి అబద్ధమును పలికించునది ఋణమే. ఋణము తీరిన గృహస్థుడు తలయెత్తి నడచును. జపమాల త్రిప్పునప్పుడు అతని మనస్సు వడ్డీ లెక్కలు త్రిప్పదు. అప్పుడు మిగిలినది పది రూపాయలైనను అది అతనిదే. దానిని స్వామి పాదముల చెంత ఉంచినచో, అది నిజముగా అతడు ఇచ్చిన కానుక యగును.