త్యాగమా? ఋణమా?

పాము కఱచిన కూలివానికి వైద్యశాలలో సూదిమందు నిచ్చుదురు. వేళకు జేరినచో తఱచుగా బ్రదుకును. ఆ మందు చెట్టున బుట్టినది కాదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి యను నాలుగింటి విషమును కొలది కొలదిగా గుఱ్ఱమున కెక్కించి, దాని నెత్తుట బుట్టిన ప్రతివిషమును దీసి శుద్ధి చేసినదే యా మందు.

దీనిని గుఱ్ఱముయొక్క త్యాగమని కొందఱు పొగడుదురు. మే మట్లు పొగడజాలము. త్యాగమునకు సమ్మతి వలయును. ఒప్పుకొనుటకు గాని కాదనుటకు గాని వశము లేని జంతువునుండి గైకొన్నది మనకు ఋణమగును.

అట్లయిన నీ మందును మానవలయునా? మానుడని యా కూలివాని యిల్లాలితో జెప్పగల ధర్మజ్ఞు డెవడు? అవసరము మనకు హక్కు నిచ్చుచున్నది. కాని యవసర మెంతవఱకో హక్కును నంతవఱకే. 1959లో రస్సెల్, బర్చ్ అను శాస్త్రజ్ఞులు ఈ హద్దును మూడు విధులుగా జెప్పిరి: జంతువునకు మాఱుగా వేఱుపాయము వెదకుట, తప్పనిచో సంఖ్యను దగ్గించుట, బాధను దగ్గించుట. 1960 నాటి మన జంతుహింసా నివారణ చట్టము సయితము, పుస్తకములచేతను బొమ్మలచేతను నేర్పదగిన పాఠమునకు కళాశాలలలో జంతువులపై ప్రయోగము వలదనియే యుద్దేశించినది.

గుఱ్ఱము లేకయే ప్రయోగశాలలో ప్రతివిషమును జేయు యత్నములు నేడు సాగుచున్నవి. వానికి ధనమిచ్చుట దయాకార్యమని మన మెంచరాదు. అది బాకీ తీర్చుట. అంతవఱకు నా గుఱ్ఱమునకు మంచి మేతయు, నెత్తురు దీసిన పిదప దగిన విశ్రాంతియు, ముసలితనమున నీడయు నిచ్చుట వడ్డీ. వడ్డీయైన గట్టనివాడు అప్పిచ్చినవాని యౌదార్యమును బొగడుట వట్టి మోసము.