యంత్రం ఆడే అబద్ధం ఎవరిది?

నోరు లేని యంత్రం అబద్ధమాడితే ఆ పాపం ఎవరి ఖాతాలో పడుతుంది?

సోదర సోదరీమణులారా! లైవ్ వీడియో పక్కన గబగబా కదిలిపోయే మాటల్ని గమనించండి. ‘నేను తీసుకున్నాను, చాలా బాగుంది’ అని ఎవరో అంటారు. పేరుంటుంది, ఫొటో ఉంటుంది, మనిషి మాత్రం ఉండడు. పరాయి ఫొటోనూ, ఇంతకుముందు మరొకరు రాసిన మాటనూ కాజేసి, ఒకటి రెండు అక్షరాలు మార్చి వదిలే ప్రోగ్రామ్ అది. దాన్ని బాట్ అంటున్నారు.

పేరు కొత్తదే గాని మోసం పాతదే. మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం జరుగుతుంది కదా. కొనే ఉద్దేశం లేనివాడు అక్కడ నిలబడి పాట పెంచితే నష్టపోయేది నిజంగా కొనేవాడు. దీన్నే నజష్ అంటారు. దైవప్రవక్త (స) దీన్ని వారించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఇక్కడ దోషం పాటలో లేదు, సంకల్పంలో ఉంది. బాట్‌కు నియ్యత్ లేదు. కనుక దాన్ని నడిపేవాని నియ్యతే లెక్కకు వస్తుంది. ‘నేననలేదు, కంప్యూటర్ అంది’ అనే సాకు చెల్లదు.

మరి మనిషినే బాట్‌గా మారిస్తే? 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు మద్దిలపాలెంలో ఎవరినడిగినా చెబుతారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి మన కుర్రాళ్లను కంబోడియా పంపారు. అక్కడ నిర్బంధించి, ఆడవారి పేర్లతో చాటింగ్ చేయించి, జనం సొమ్ము గుంజారు. ప్రాణభయంతో పరాయి సొత్తు పాడుచేయవలసి వస్తే పరిహారం బలవంతపెట్టినవానిపైనే ఉంటుందని హనఫీ ధర్మవేత్తలన్నారు. న్యాయమైన మాట.

అయితే బావమరిది దుకాణం లైవ్ పెట్టాడని, కొనకుండానే ‘కొన్నాను’ అంటూ నాలుగు పేర్లతో రాసేవారిని ఎవరు బలవంతపెట్టారు?