బంకు కుర్రవాని మౌనము

డీజిలు కారులో పెట్రోలు పోసిన కుర్రవాడు పాపము చేసెనా? ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, జవాబు చెప్పబూనినవాడు లేఖనములలో చాలదూరము నడువవలసివచ్చును.

మొదట యంత్రపు సంగతి తెలిసికొందము. 1897లో జర్మనీ దేశపు ఆగ్స్‌బర్గు పట్టణమున రుడాల్ఫ్ డీజిల్ జయప్రదముగా నడిపించిన ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టు వేడిమికే ఇంధనము అంటుకొనును. నేటి డీజిలు కార్లును అట్లే నడుచుచున్నవి. పెట్రోలు ఆ విధముగా అంటుకొనుటకు తగినది కాదు. అయితే గొప్ప నష్టము అక్కడ లేదు. డీజిలు ఇంధనము మాత్రమే కాదు, కందెన కూడ. కారు చక్రములోని గాలి ఒత్తిడి 2 బార్లకు కొంచెము మించియుండగా, డీజిలును ఇంజనులోనికి తోయు పంపు నేటి కార్లలో అనేకమునందు 1,500 బార్లకు పైబడిన ఒత్తిడి పుట్టించును. అంత బలముగా రాచుకొను లోహపు భాగములకు డీజిలు జిడ్డే కాపుదల. పెట్రోలు ఆ జిడ్డును కడిగివేయును. లోహము లోహమును గీయును. ఆ రజను గొట్టములగుండ ఇంజెక్టర్లలోనికి పోవును. పెట్రోలు కారులో డీజిలు పోసినయెడల పొగ వచ్చి బండి ఆగును గాని, ట్యాంకు కడిగి, ప్లగ్గులు తుడిచి, సాధారణముగా బాగుచేసికొనవచ్చును. విచారమేమనగా, డీజిలు గొట్టము లావుగా నుండుటచేత పెట్రోలు కారు మూతిలో తరచుగా పట్టదు. పెట్రోలు గొట్టమైతే డీజిలు కారులో సుళువుగా దూరును. ఎక్కువ చెరుపు చేయు పొరబాటే చేయుటకు సులభము. ప్రసంగపీఠము మీదనుండి మేము చెప్పుచు వచ్చినది పెట్రోలు బంకులో కూడ నిజమైనది.

ప్రశ్నకు ఆయువుపట్టు ఇక్కడ నున్నది. తాళము త్రిప్పకమునుపు ఆ పెట్రోలు ట్యాంకులోనే యుండును. కారును ప్రక్కకు నెట్టి ట్యాంకు ఖాళీ చేయించిన చాలును. త్రిప్పిన తరువాతనో, గొట్టములలో మిగిలిన పాత డీజిలుతో కారు కొంతదూరము చక్కగానే పోవును. కారుగల ఆయన ఏమియు ఎరుగడు. బంకులో నిలిచియున్న కుర్రవాడు ఎరుగును.

ఎరిగియు అతడు పలుకలేదనుకొందము. ఎందుచేత? జీతములో కోత, పదిమంది యెదుట చెంపదెబ్బ, రేపటినుండి పనికి రావద్దను మాట: ఇవన్నియు ఆ ఒక్క నిమిషములో అతని కన్నులయెదుట నిలుచును. ఏదెనులో ఆదాము చెట్లమధ్య దాగెను. ఈ బిడ్డకు దాగుటకు చెట్టైనను లేదు, మౌనము తప్ప.

లేవీయకాండము 4వ అధ్యాయమును చాలమంది త్వరగా చదివి దాటిపోవుదురు. పొరబాటున చేసిన పాపమునుగూర్చిన విధి అందులో నున్నది. యాజకుడు తప్పినయెడల కోడెదూడను తేవలెను. అధికారి మేకపోతును, సామాన్యుడు ఆడుమేకను. తరువాతి అధ్యాయములో, బీదవానికి రెండు గువ్వలు చాలునని, అవియు దొరకనివానికి కొంచెము పిండి చాలునని యున్నది. పొరబాటు ఏమియు కాదని ధర్మశాస్త్రము అనలేదు. అందరి నెత్తిన ఒకే బరువు పెట్టనులేదు. మరియొక సంగతి గమనింపుడి. అధికారియైనను సామాన్యుడైనను తన తప్పిదము తనకు తెలియవచ్చినప్పుడు ఆ అర్పణము తేవలెను. మనస్సాక్షికి గడియారము అక్కడ మొదలగును. కాబట్టి నా జవాబు ఇది: గొట్టము మార్చి పట్టినప్పుడు అతడు పొరబడెను; కారు కదలిపోవుచుండగా ఊరక చూచినప్పుడు పాపము చేసెను. అయితే ఆ రెండవదానిలో అతనిని నోరెత్తనీయకుండ బెదరించి పెట్టిన పెద్దలకును పాలున్నది. ఆ పాలు చిన్నదని నేననను.

“అయ్యా, దయ చూపినకొలది అజాగ్రత్త పెరుగదా?” అని మీరు అడుగవచ్చును. న్యాయమైన మాటయే. నష్టము ఎవరో ఒకరు చెల్లింపవలెను. నిప్పంటించి పొరుగువాని పంట కాల్చినవాడు అచ్చుకొనవలెనని నిర్గమకాండములో నున్నది. గాని కొన్ని నెలల జీతమునకు మించిన అప్పును ఆ కుర్రవాని తలమీద వేసి, దానినే న్యాయమనుట తగదు. ఒనేసిము అచ్చియున్నదానిని తన లెక్కలో వేయుమని పౌలు ఫిలేమోనుకు వ్రాసెను. ప్రతి లీటరుమీదను లాభము పొందు బంకు యజమానుడు ఆ పత్రికను ఒకసారి చదువవచ్చును.

దయకును జాగ్రత్తకును పొత్తు కుదురుననుటకు బాబ్ హూవర్ (1922–2016) అను అమెరికా విమానచోదకుని సంగతి చాలును. ఆయన ష్రైక్ కమాండర్ విమానము పెట్రోలు జాతి ఇంధనముతో నడుచునది. దానిని అదే పోలికగల మరియొక రకమని తలంచి, జెట్ ఇంధనము పోసిరి. గొట్టములలో మిగిలిన పాత ఇంధనముతో అది నేల విడిచెను. తరువాత రెండు ఇంజనులును ఆగిపోయెను. హూవర్ ప్రాణముతో బయటపడెను. ఇంధనము పోసిన యువకుడు ఏడ్చుచుండగా, మరునాడు తన వేరొక విమానమును సిద్ధపరచుటకు అతనినే రమ్మని అడిగెనని డేల్ కార్నెగీ పుస్తకములో చెప్పబడినది. హూవర్ అంతటితో ఊరకుండలేదు. జెట్ ఇంధనపు గొట్టము మూతిని వెడల్పుగా అణచి, ఇటువంటి విమానముల ట్యాంకు మూతికి ఇరుకైన వలయము బిగించినయెడల, పోయువాడు ఎంత అలసియున్నను గొట్టము లోనికి దూరదు. ఆ యేర్పాటును వ్యాపింపజేయుటకు ఆయన పాటుపడెను. వాటిని నేటికిని హూవర్ గొట్టము, హూవర్ వలయము అని పిలుచుచున్నారు.