పొరుగువాని కోపము – శరణుని ఓరిమి



నల్లమాడ ప్రాంతమున వేరుసెనగ కళ్ళమునకును, గొఱ్ఱెల మందకును కుక్కయే కావలి. ఆ కావలియే దాని కాయకము. అయినను రేయంతయు అది మొఱిగినచో పొరుగువానికి నిద్ర చెడును, వాని బిడ్డ భయపడును. అంతట తగవు పుట్టును, ఱాళ్ళు పడును, ఒక్కొక్కచో విషము కలిపిన ముద్దయు పడును. అప్పుడు శరణుడేమి చేయవలెను?

కోపించినవానిపై తిరిగి కోపింపరాదనియు, కోపము పరుని కంటె ముందు తన్నే దహించుననియు 12వ శతాబ్దమున బసవేశ్వరుడు బోధించెను. కావున కుక్కను పెంచువాడు మొదట తన లోపము చూచుకొనవలెను. రాత్రివేళ దానిని తన దొడ్డిలోనే ఉంచవలెను. ఏటేట పశువైద్యునిచే రేబీసు టీకా వేయింపవలెను. పొరుగువాని గడపకు తానే పోయి వాని బాధ వినవలెను.

ఓరిమి యనగా హింసకు తలవంచుట కాదు. మూగజీవిని కొట్టి బాధించుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ననుసరించి నేరము. విషము పెట్టి చంపినవానికి భారతీయ న్యాయసంహిత 325వ సెక్షను క్రింద ఐదేండ్ల వరకు కారాగారము విధింపవచ్చును. పెద్దలు చెప్పినను మానని యెడల ఠాణాకు పోవచ్చును గాని పగకు పోరాదు.

హావినహాళ కల్లయ్య కుక్కచే వేదము పలికించెనని శరణుల చరిత్ర చెప్పుచున్నది. కుక్కయందు శివుని కాంచినవారి సంతతి పొరుగువానియందు కాంచలేదా?